రాజలింగు తాగిన నీళ్లు

బోధన్ నుంచి రుద్రూర్ వైపు చెరకు తోటల నడుమ సైకిల్ మీద పోయే రాజలింగును ఆ ఊళ్లవాళ్లు గజ్జిమందు సారు అనేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం. నిజానికి దాన్ని పుట్టించుకున్నది ఆయనే. ఏ ఊరికి పోయినా ముందు పిల్లలను పోగుచేసి, వేళ్ల సందులు చూసి, గంధకం వాసన కొట్టే మలాం పూసేవాడు. ఇల్లిల్లూ తిరిగేవాడు. గజ్జి ఉన్న ఇల్లు, లేని ఇల్లు అని చూసేవాడు కాదు.

ఆయన అసలు పని వేరు. పెద్దరోగం అని గొంతు తగ్గించి చెప్పుకునే కుష్ఠు ఎవరికి మొదలైందో వెతికి పట్టుకోవడం, పట్టుకున్నవాళ్లకు తెల్లగోళీలు అందించడం, అవి మానకుండా చూడడం. ఇంటింటా మలాం పూసుకుంటూ పోతుంటే ఏదో ఒక ఇంట్లో మలాం డబ్బీ కింద గోళీల పొట్లం చేతులు మారేది. పక్కింటివాళ్లకు గంధకం వాసన తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

రాజలింగు పుట్టింది నిజామాబాద్‌లో మగ్గాల వాడలో. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు మెట్రిక్ పాసయ్యాడు. మగ్గాలు ఒక్కొక్కటే మూలకు చేరుతున్న రోజులు. కొన్నేళ్లు బీడీల కార్ఖానాలో కట్టలు కట్టి, తరువాత ఈ ఉద్యోగంలో చేరాడు. తల్లి ఏడ్చింది. "లోకంల వేరే నౌకరే దొరకలేదారా నీకు? రేపు నీకు పిల్లనెవడిస్తడు?" అంది. పిల్లను ఇచ్చారు గానీ, పెళ్లయ్యాక చాలాకాలం వరకు భార్య ఆయన చొక్కాలను వేరే ఉడకబెట్టి ఉతికేది.

ఉద్యోగంలో ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే. రోగి పేరు నోటి నుంచి బయటికి రాకూడదు. ఊళ్లకు పోయేటప్పుడు కాగితం ముక్క వెంట తీసుకుపోయేవాడు కాదు. పేర్లన్నీ తలలోనే. బోధన్ అంగట్లో మందు తినే మనిషి ఎదురైతే ముఖం తిప్పుకుని వంకాయల ధర అడిగేవాడు. పలకరిస్తే, పక్కన ఉన్నవాడు ఈ సారు నీకెట్ల తెలుసు అంటాడు కదా.

ఒకసారి చాయ హోటల్లో భీమ్‌గల్ దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తన కొడుక్కు ఒక ఊళ్లో పిల్లను చూశారట.

"సారు, మంచి ఇల్లేనా అది?"

"ఇల్లు నేను కట్టలే పటేలా, నాకేం ఎర్క?"

"అట్ల గాదు. పిల్ల నాయనకు చెయ్యి జర వంకర ఉన్నదంటున్నరు. నువ్వేం చెప్పకు. తలకాయ ఇట్ల ఊపు, సాలు."

"తలకాయ ఊపరాదు పటేలా. మెడ పట్టుకున్నది."

"మరి కన్ను కొట్టు!"

"గీ వయసుల నీకు కన్ను కొడితే ఈ హోటలోళ్లు నన్ను బతకనిస్తరా?"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. పెద్దమనిషి కోపంతో చాయ సగంలోనే వదిలి పోయాడు. ఆ పెళ్లి జరిగిందో లేదో రాజలింగు కనుక్కోలేదు. కానీ ఆ రోజు సైకిల్ తొక్కుతూ తన నోటికి తానే మురిసిపోయాడు. ఈ నోట్లో పడ్డది ఎక్కడికీ పోదు అనుకున్నాడు.

నోరు ఒక్కటే కాదు మనిషికి ఉన్నది. ఆ సంగతి ఆయనకు తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సిరికొండ అడవి పక్క ఒక ముసలాయన ఇంటికి పోయాడు. ముసలాయనను కొడుకులు పశువుల కొట్టంలో ఉంచారు. ఎండలో సైకిల్ తొక్కి వచ్చిన రాజలింగు దాహమై నీళ్లడిగాడు. ముసలాయన కదలలేదు. "నా చేతి నీళ్లా?" అన్నాడు. రాజలింగు తానే కుండ దగ్గరికి పోబోయి ఆగి, ఆయన చేతితోనే ముంచి ఇమ్మన్నాడు. ఇచ్చాడు. గటగటా తాగాడు. ముసలాయన గోడకు తిరిగి భుజాలు ఎగిరిపడేలా ఏడ్చాడు. ఆ మరుసటి నెల నుంచి మందు ఒక్క పూట మానలేదు.

అప్పటి నుంచి అది ఆయనకు అలవాటైంది. రోగం ఉన్న ఇంటికి పోతే, గోళీలు ఇచ్చాక, కొన్ని నీళ్లియ్యమ్మా అనేవాడు. తాగి చెంబు చేతికిచ్చేవాడు. మిగతా ఇళ్లలో అడగవలసిన అవసరం ఏముంది? మలాం పూసి బయటపడేవాడు. తాను చేసే ఉద్యోగమంతటిలో మంచి పని అదేనని ఆయన మనసులో ఉండేది.

రుద్రూర్ దాటాక ఒక ఊరుంది. పేరు ఇక్కడ అక్కరలేదు. ఆ ఊళ్లో లింబయ్య అనే చిన్న రైతు భార్య రుక్మాబాయి. కొంచెం చెరకు, కొంచెం పసుపు, ఒక జత ఎడ్లు, అత్త భూమవ్వ, నడక నేర్చిన కొడుకు. ఒక రోజు రాజలింగు వాళ్ల పిల్లవాడికి మలాం పూస్తుంటే రుక్మాబాయి రవిక చెయ్యి కింద, మోచేతికి పైన ఒక వెలిసిన మచ్చ కనిపించింది. అత్త పెరట్లో ఉంది. దూదిపోగు తీసి, కళ్లు మూసుకోమ్మా అని మచ్చ మీద ఆనించాడు.

"తగిలితే చెప్పు."

ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఏమీ చెప్పలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, దూది తన చేతి మీద ఉండడం చూసి, కొడుకును ఒళ్లోకి లాక్కుంది.

"అదేనా అన్న?"

"మొదట్ల ఉన్నది. గోళీలు తింటే పోతది. పిల్లగానికి అంటుకునేది కాదు నీది."

"మా అత్తకు ఎర్కయితే నన్ను మా తల్లిగారింటికి పంపిస్తది. పిల్లగాన్ని పంపియ్యది. ఆయనకు మల్ల పెండ్లి చేస్తది."

"నా నోట రాదు బిడ్డా."

భర్తకు మాత్రం ఆమే చెప్పుకుంది. లింబయ్య నెమ్మదస్తుడు, అమ్మ అంటే భయం ఉన్నవాడు. మందు తిను అని మాత్రం అన్నాడు. రాజలింగు ఆ రోజు ఆమె చేతి నీళ్లు తాగాడు. ఆ తరువాత పోయినప్పుడల్లా తాగాడు. రెండు చెరకు పంటలు అయ్యేసరికి మచ్చ అంచులు కరగడం మొదలుపెట్టాయి.

పసుపు ఉడకబెట్టే కాలం. ఊరి ఆడవాళ్లందరూ ఒకరి పొలంలో ఒకరు బదులు పని చేస్తారు. పెద్ద కడాయి చుట్టూ కూర్చుని, ఆకు కప్పి, మంట ఎగదోస్తూ ఊరి కబుర్లన్నీ ఆ ఆవిరిలోనే ఉడికిస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

"గజ్జిమందాయన అందరిండ్లకు పోతడు గానీ, అందరిండ్ల నీళ్లు తాగడు సూడుర్రి."

"అవునే. మా ఇంట్ల ఎన్నడు అడగలే."

"మా ఇంట్ల నేనే ఇస్తనన్న వద్దన్నడు."

"మరి ఎవలింట్ల తాగిండు?"

లెక్క తీశారు. వేళ్లు వంకరపోయిన సాయిలు ఇంట్లో తాగాడు. ముక్కు కుంగిపోయి, చివరికి ఊరు వదిలిపెట్టి పోయిన దుబ్బక్క ఇంట్లో తాగాడు. ఇంకెక్కడ? భూమవ్వ ఇంట్లో. పోయినప్పుడల్లా తాగుతాడు, కోడలు చేతి నుంచి తాగుతాడు.

మంట దగ్గర ఉన్న భూమవ్వ చేతిలో కట్టె అట్లాగే నిలిచిపోయింది. మరునాడు ఆమె పసుపుకు బదులు పనికి ఒక్కరూ రాలేదు.

చెరకు బండి మీద లింబయ్యతో పాటు రుక్మాబాయి బోధన్ వచ్చింది. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరసలో భర్తను వదిలి, దవాఖాన వెతుక్కుంటూ నడిచి వచ్చింది. రాజలింగు బయట వేపచెట్టు కింద సైకిల్ చైనుకు నూనె వేస్తున్నాడు. ఆమెను చూసి అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు.

"ఇటు సూడు అన్న. ఇగ దాసేదేం లేదు. ఊరందరికి ఎర్కయింది."

రాజలింగు లేచి నిలబడ్డాడు. "నా నోట రాలేదు రుక్మవ్వా. నా పిల్లల సాక్షి."

"నోటితోని చెప్పలే. తాగి చెప్పినవ్."

ఆమె మొత్తం చెప్పింది. పసుపు కడాయి సంగతి, సాయిలు సంగతి, అత్త తన కంచం వేరుగా పెట్టిన సంగతి. కొడుకు రాత్రి తన పక్కన పడుకుంటానని ఏడిస్తే భూమవ్వ ఎత్తుకుపోయి తలుపు గొళ్లెం పెట్టుకుంది.

"నిన్ను ఎవలడిగిండ్రు తాగమని? నాకు దూపయితుందా, నీకయితుందా? మా ఇంట్ల ఒక్కతాన తాగినోనివి పక్కింట్ల గూడ తాగితే నీ కడుపు పగులుతుండెనా?"

ఆమె అడిగిందంతా న్యాయమే.

"శివరాత్రి దాటినంక మా తల్లిగారోళ్లను పిలిపిస్తనన్నది మా అత్త. వచ్చి తీస్కపోతరు నన్ను. పిల్లగాన్ని ఉంచుకుంటది. నువ్వేం చేస్తవో చెయ్యి." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని బండ్ల వరస వైపు వెళ్లిపోయింది.

రాజలింగు లోపలికి పోయి డాక్టరుకు చెప్పాడు. డాక్టరు గుంటూరు దిక్కు నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరేమైనా చెప్పారా రాజలింగం?"

"లేదు సార్."

"రోగుల కార్డులున్న మన బీరువా తాళం సరిగ్గా ఉందా? ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"ఉంది సార్."

"ఇంకేమండీ! మన వైపు నుంచి పొరపాటు లేదు. పల్లెటూళ్లలో ఏవేవో అనుకుంటూ ఉంటారు. ఫిర్యాదు వస్తే అదే రాసి పంపుదాం. మీకు ఇబ్బందిగా ఉంటే ఆ ఊరు ఇంకొకరికి ఇస్తాను."

రాజలింగు తల ఊపి బయటికి వచ్చాడు. డాక్టరు మాట నిజమే. చెప్పలేదు, చూపించలేదు, తాళం తాళంలాగే ఉంది. ఆ మాట పట్టుకుని నిలబడితే పై అధికారి కూడా ఏమీ అనడు. ఆ రోజంతా ఆ మాటనే పట్టుకుని ఉండాలని చూశాడు. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే, గొళ్లెం పెట్టిన తలుపు అవతల పిల్లవాడు ఏడుస్తున్నట్టే ఉంది.

మరునాడు సైకిల్ తీసుకుని ఆ ఊరికే పోయాడు. ఆయనకు తోచిన ఉపాయం ఒక్కటే. అందరిళ్లలోనూ నీళ్లు తాగాలి. ప్రతి గడప దగ్గరా అడిగి తాగితే ఆ లెక్క చెడిపోతుంది. చిన్నపిల్లల ఉపాయంలా ఉందని ఆయనకూ తెలుసు.

మొదటి ఇంటి ముందు సైకిల్ ఆపి, "అక్కా, కొన్ని నీళ్లియ్యవా?" అన్నాడు.

ఇంటావిడ చేట అక్కడే వదిలేసి లేచింది. "మా ఇంట్లెందుకు తాగుతవ్? మా ఇంట్ల ఎవ్వరికి లేదు!"

"దూప అయితుందక్కా."

"అయితే కాలువల తాగు పో!"

రెండో ఇంట్లో తలుపు వేసుకున్నారు. మూడో ఇంటాయన అరుగు దిగి వచ్చి చేతులు జోడించాడు. "సారు, నీకు పుణ్యముంటది. నా బిడ్డ పెండ్లి కుదిరింది. ఈ వాకిట్ల నిలవడకు. జర ముంగటికి జరుగు." ఆయనకు నిజంగా దాహం వేసింది. నాలుక అంగిట్లో అతుక్కుంది. ఎండలో గల్లీ గల్లీ తిరిగాడు. చెరువంత నీళ్లున్న ఊళ్లో ఒక్కరూ చెంబు ఎత్తలేదు. పిల్లలు వెంటపడి, "నీళ్ల సారొచ్చిండు, నీళ్లు దాసుకోర్రి!" అని అరిచారు.

ఊరి చివర పెంటవ్వ ఇల్లు. మొగుడు పోయినామె, పిల్లలు లేరు. చెరకు కొట్టే కూలీలకు శనగ గుడాలు ఉడకబెట్టి అమ్ముకుని బతుకుతుంది. ఆమె చేను, భూమవ్వ చేను పక్కపక్కన. గట్టు మీద ఇద్దరికీ తగువు లేని ఏడు లేదు.

"ఇటు రారాదు లింగన్న. ఊరంత బిచ్చమెత్తినట్టు తిరుగుతున్నవ్." పెద్ద చెంబు నిండా తెచ్చి వాకిట్లోనే, అందరికీ కనపడేలాగే ఇచ్చింది. "తాగు. నాకెవలున్నరు పెండ్లి చెయ్య? రానియ్యి పేరు."

ఆయన తాగాడు. ఎదురింటి కిటికీ రెక్క టక్కున మూసుకుంది.

"గానీ నీళ్లతోని అయ్యే పని గాదిది. ఆ భూమవ్వ నోరు మూయించాలె," అంది పెంటవ్వ.

ఆ నోరే ఆయన కోసం మనిషిని పంపింది. రాజలింగు పోయేసరికి భూమవ్వ వాకిట్లో ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు. లింబయ్య ఎడ్ల కొట్టం గుంజకు ఆనుకుని నేల చూస్తున్నాడు. రుక్మాబాయి గడప లోపల ఉంది. భూమవ్వ మనుమణ్ణి చెయ్యి పట్టి తెచ్చి రాజలింగు ముందు నిలబెట్టింది.

"నువ్వు సదువుకున్నోనివి. గీ నా మనుమని తల మీద చెయ్యి వెట్టి చెప్పు. నా కోడలికి ఆ రోగం ఉన్నదా, లేదా?"

ఇన్నాళ్లూ ఇటువంటి ప్రశ్నకు ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. ఎవరి సంగతీ నేను చెప్పను. ఎంతమంది అడిగినా అదే చెప్పి తప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మాట అంటే ఉన్నదని చెప్పినట్టే. నోరు మూసుకున్నా ఉన్నట్టే. ఉన్నది, కానీ నయమైతది, అంటుకోదు అని విడమరచి చెప్పాలంటే, మొదటి మాట దాటి రెండో మాట ఎవరు వింటారు? పైగా ఆ మాట తనది కాదు.

ఆయన గడప వైపు చూశాడు. రుక్మాబాయి ఆయన కళ్లలోకి చూసి తల అడ్డంగా, కనపడీ కనపడనంతగా కదిలించింది.

రాజలింగు పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టాడు. జుట్టు కింద మాడు వెచ్చగా ఉంది.

"లేదు."

"మరి నీళ్లెందుకు తాగినవ్?"

"దూప అయితే తాగిన. మీ ఇల్లొచ్చేసరికి ఎండెక్కుతుండె."

"సాయిలింట్ల?"

"సాయిలు సంగతి నాకేం ఎర్క? పెంటవ్వ ఇంట్ల గూడ తాగిన గద ఇయ్యాల."

జనం పెంటవ్వ ఇంటి వైపు తిరిగి చూశారు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఒక అబద్ధం నిలబెట్టడానికి చేతికి దొరికిన గుంజ అది. భూమవ్వ మనుమణ్ణి ఎత్తుకుని కాసేపు ఆలోచించింది. ప్రమాణం పెద్ద మాట. "సరే తియ్యి," అని కోడలి చేతికి పిల్లవాణ్ణి అందించింది. రుక్మాబాయి వాణ్ణి హత్తుకుని లోపలికి పోయింది.

ఆ ఇల్లు నిలబడింది. కానీ మందు ఇంటికి చేరే దారి మూసుకుపోయింది. రాజలింగు ఆ గడప తొక్కకూడదు ఇక. లింబయ్య చెరకు బండి తోలుకుని బోధన్ వచ్చినప్పుడల్లా గోళీలు తీసుకుపోయేవాడు. ఫ్యాక్టరీ నడిచినంతకాలం అది బాగానే సాగింది. వేసవిలో గానుగ ఆగిపోయింది. వానలు పడ్డాయి. నాట్ల కాలంలో బోధన్ పోవడానికి లింబయ్యకు వంక లేదు. ఎందుకు పోతున్నవ్ అని తల్లి అడిగితే చెప్పడానికి అబద్ధం చేతకాదు. చెరకు మళ్లీ నరికి బండ్లు కదిలేసరికి రుక్మాబాయి చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. పొయ్యి మీది కుండ దించితే వేలు కాలిన సంగతి బొబ్బ చూసి తెలుసుకుంది.

లింబయ్య చెబితేనే రాజలింగుకు ఆ సంగతి తెలిసింది. ఆ నెలలోనే పిల్లవాడికి జ్వరం వచ్చిందని కూడా విన్నాడు. తగ్గిందని తెలిసేదాకా ఆయన అరచెయ్యి వెచ్చగా ఉన్నట్టే ఉండేది.

దారి చూపింది పెంటవ్వే. ఆయన పోయేసరికి వాకిట్లో గుడాల గంప ఖాళీగా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఖాళీగా అంటే అమ్ముడుపోయి కాదు, ఉడకబెట్టడమే మానేసింది.

"నీ పుణ్యాన నాకు పెద్దరోగమొచ్చింది లింగన్న. కూలోళ్లు నా గుడాలు ముడుతలేరు. ఎట్లన్న పేరొచ్చింది. ఇగ ఆ పేరుతోని పనన్న చేయించుకో. రుక్మవ్వ వేలు గట్టు కాడ సూసిన, నాకర్థమైంది. నా ఇంటికి రా, గోళీలు నా కాడ వెట్టి పో. ఆ పిల్ల గట్టు మీదికొచ్చినప్పుడు నేనిస్త."

"వద్దవ్వా. అది తప్పు. లేని రోగం నీకు..."

"నువ్వు అంటగట్టిందే గద! అందరి ముంగట నా పేరు తీసినప్పుడు తప్పనిపియ్యలే?" అని, ఆయన తల వంచుకోవడం చూసి గొంతు మార్చింది. "ఆ భూమవ్వ, గట్టు మీద నన్ను చూసి ముక్కు మూసుకుంటది. దాని కోడలు మందే నా కొంగుల ఉన్నా దానికి ఎర్కుండది. నాకు నవ్వొస్తది. నా నవ్వు నాకుండనియ్యి."

ఆయన ఒప్పుకున్నాడు. డాక్టరుకు చెప్పలేదు. ఏళ్ల తరబడి పెంటవ్వ ఇంటి ముందే సైకిల్ ఆపాడు. ఊరు ఆమెకు దూరం జరిగింది. చేదబావి దగ్గర ఆమె చివరగా తోడుకోవలసిందే. లింబయ్య ఎవరూ చూడకుండా జొన్నలు తెచ్చి ఆమె గడప లోపల పోసి పోయేవాడు. ఇంకొకరి పేరు కాపాడబోయి రాజలింగు ఈ మనిషి పేరు ఊరికి అప్పజెప్పాడు. పోయి ఆమెకు రోగం లేదని చెబుదామంటే, మరి గోళీలు ఎవరికి అని అడుగుతారు. రుక్మాబాయికి ఆ సంగతి తెలుసు. గట్టు మీద గోళీలు అందుకునేటప్పుడు పెంటవ్వ ముఖం చూడలేకపోతున్నానని ఆమె ఒకసారి లింబయ్యతో కబురు చేసింది. చిటికెన వేలు వంకర వంకరగానే ఉండిపోయింది. మచ్చ మాత్రం పోయింది. ఒక రోజు బోధన్ దవాఖానలో డాక్టరు చూసి, ఇక మందు అక్కరలేదు అన్నాడు.

ఆ తరువాత రెండు చెరకు పంటలకు పెంటవ్వ చనిపోయింది.

లింబయ్య బండి మీద కబురు తెస్తే రాజలింగు పోయాడు. పీనుగ ఇంటి ముందు గోనెసంచి మీద ఉంది. జనం గల్లీ అవతల నిలబడి ఉన్నారు. నీళ్లు పోయడానికి ఒక్క ఆడమనిషి ముందుకు రాలేదు.

"సారూ, మీ దవాఖానోళ్లను పిలిపియ్యి. వాళ్లే తీస్కపోతరు గద ఇసొంటోళ్లను," అన్నాడు ఒకాయన.

రాజలింగు నోరు తెరిచాడు. ఆమెకు ఏ రోగమూ లేదు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. అవతల జనంలో రుక్మాబాయి కనిపించింది. నోరు మూసుకున్నాడు. చొక్కా చేతులు మడిచి, "పాడె నేను మోస్త," అన్నాడు. లింబయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. అయినా నీళ్లు పోయాల్సింది ఆడవాళ్లు.

రుక్మాబాయి గల్లీ దాటి వచ్చింది. కొంగు నడుముకు చెక్కి, పొయ్యి రాజేసి కుండ పెట్టింది. నీళ్లు కాగాక పీనుగ పక్కన కూర్చుని, చాపను అడ్డం పట్టమని లింబయ్యతో చెప్పి, తల మీద పోయడం మొదలుపెట్టింది.

భూమవ్వ అవతలి నుంచి కేకలు వేసింది. "ఏయ్, పిచ్చి లేసిందా నీకు? ఇవతలికి రా! చేతులకు అంటుకుంటది!"

"అంటుకునేదేం లేదత్తమ్మా."

"నీకేం ఎర్కే?"

రుక్మాబాయి చెంబు దించింది. చాప పైనుంచి తల ఎత్తి, గల్లీలో ఉన్నవాళ్లందరికీ వినపడేలాగా అంది. "ఈమెకు లేదు. నాకుండె. ఈమె కాడికి వచ్చిన గోళీలు నేను తిన్న. నా కొడుకును సంకల పెట్టుకునే తిన్న. వానికి అంటిందా?"

భూమవ్వ రాజలింగు వైపు చూసింది. ఆ చూపు ఆయన ప్రమాణం మీదనే. ఆయన తల వంచుకున్నాడు. ఆమె వెనుదిరిగి ఇంటికి పోయింది. రుక్మాబాయి మళ్లీ చెంబు ముంచింది.

భూమవ్వ కోడలిని పొమ్మనలేదు. పిల్లవాడు పెద్దవాడయ్యాడు, ఎవరు గొళ్లెం పెట్టినా తీసుకుని అమ్మ దగ్గరికి పోయే వయసు వాడిది. అంత మాత్రాన కలుపుకోనూ లేదు. పెరట్లో తనకు వేరే పొయ్యి పెట్టుకుంది. కోడలు వండింది ముట్టలేదు. ఊళ్లో కొందరు బదులు పనికి వచ్చారు, కొందరు ఇక రాలేదు.

కొన్నాళ్లు గడిచాక రాజలింగు ఆ ఇంటికి, దాపరికం లేకుండా, పోయి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా? నీ రోగం పోయి ఎన్ని రోజులాయె. ఎవ్వరికి తెలిసేది గాదు."

రుక్మాబాయి చేట చెరుగుతూనే అంది. "ఏమో అన్న. నీళ్లు పోసేటప్పుడు ఆమె చేతులు సూసిన, వీపు సూసిన. ఒక్క మచ్చ లేదు. అంతమంది నిలవడ్డరు గద, ఒక్కరన్న వచ్చి సూస్తలేరాయె."

పెరట్లో నుంచి భూమవ్వ గొంతు వినిపించింది. "మందాయన పోయిండా? పోతే ఆ మంచం ఎత్తి ఎండల ఎయ్యి."

రుక్మాబాయి ముఖం ఎర్రబడింది. రాజలింగు లేచి నిలబడ్డాడు. ఆమె ఒక పక్క పట్టి ఎత్తబోతే వంకరపోయిన చిటికెన వేలు పట్టె కింద ఇమడలేదు. ఆయన రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మంచాన్ని ఎండలోకి తీసుకుపోయి దించారు.